పంబ మోతకు ఎంత చోటు?

కార్తీక అమావాస్యకు కారంపూడి కిక్కిరిసిపోతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అంటూ ఐదు రోజులు సాగే వీరుల ఉత్సవంలో వీర విద్యావంతులు కథ అందుకోగానే జనంలోంచి ఫోన్లు పైకి లేస్తాయి. పంబ మోగుతుంది, తాళాలు కలుస్తాయి, పాడేవాడి గొంతు వాటిని దాటుకుని పైకి వెళ్తుంది. అదంతా ఫోన్లలోకి అంకెలుగా చేరిపోతుంది. ఎన్ని అంకెలుగా చేరుతోందని ఎవరూ అడగరు. పలనాడులో మాత్రం అడిగి తీరాలి. ఎందుకంటే మన పలనాటి వీరుల కథ మొదటినుంచీ పాట. శ్రీనాథుడి పేరిట ఉన్న ద్విపదను అక్కిరాజు ఉమాకాంతం 1911లో అచ్చు వేయించేనాటికే అది వందల ఏళ్ళుగా గొంతుల మీద బతుకుతోంది. ఓరుగల్లు వీధిలో దాన్ని పాడుతున్న దృశ్యం క్రీడాభిరామంలోనే ఉంది.

శబ్దాన్ని అంకెల్లోకి మార్చి కంప్యూటర్ చేత పలికించడం ఎంత కష్టమో, అందుకు ఏమేం వదులుకోవాలో 1980ల్లో చిన్న కంప్యూటర్లు వాడినవాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళకు ప్రతి కిలోబైటూ లెక్కే. ఆ లెక్క మనం మరిచిపోయాం. దాన్ని మళ్ళీ ఒకసారి చూసుకోవాల్సిన అవసరం ఉంది.

రెండే స్థితుల స్పీకరు

1981 ఆగస్టు 12న ఐబీఎం తన పర్సనల్ కంప్యూటర్‌ను విడుదల చేసింది. అందులో రెండుంబావు అంగుళాల స్పీకరు ఒకటి ఉండేది. మెషిన్ ఆన్ చేయగానే బీప్ అనడం, తప్పు జరిగితే మళ్ళీ బీప్ అనడం దాని పని. అంతకు మించి దాన్నుంచి ఏమీ ఆశించలేదు. దానికి ఉన్నవి రెండే స్థితులు: కరెంటు వస్తే కోను ముందుకు వెళ్తుంది, ఆగితే వెనక్కి వస్తుంది. ఎంత గట్టిగా, ఎంత మెల్లగా అనే సంగతే దానికి తెలియదు.

మన దేశంలో కంప్యూటర్ల దిగుమతికి, తయారీకి తలుపులు కాస్త తెరిచిన విధానం 1984 నవంబరులో వచ్చింది. నరసరావుపేట, మాచర్ల లాంటి ఊళ్ళకు కంప్యూటర్ సెంటర్లు చేరడానికి ఇంకొన్నేళ్ళు పట్టింది. చెప్పులు బయట విడిచి ఏసీ గదిలోకి వెళ్ళి డాస్, వర్డ్‌స్టార్, లోటస్, డీబేస్ నేర్చుకున్న తరం ఇంకా మన మధ్యే ఉంది. వాళ్ళలో బేసిక్ నేర్చుకున్నవాళ్ళకు సౌండ్ అనే ఆదేశం గుర్తుండే ఉంటుంది. సౌండ్ అని టైపు చేసి, పక్కన 440, తర్వాత 18.2 అని ఇస్తే ఒక సెకను పాటు ఒకే స్థాయిలో కూత వచ్చేది. గడియారం సెకనుకు 18.2 సార్లు కొట్టుకునేది కాబట్టి ఆ అంకె. 262, 294, 330, 349, 392, 440, 494, 523 అని వరసగా ఇచ్చి చూసినవాళ్ళకు శంకరాభరణం ఆరోహణ వినపడేది. అది రాగం అనిపించుకోదు. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారడం ఉండదు, గమకం ఉండదు, మెట్టు మెట్టుకీ తెగిపోతుంది. అయినా లెక్కలు చేసే పెట్టె స్వరం పలికిందంటే ఆ రోజుల్లో పిల్లలకు అదొక పండగే.

కూత వేరు, మాట వేరు. మనిషి గొంతును ఆ స్పీకరులో పలికించాలంటే రెండు పనులు జరగాలి. మొదటిది, మైకు నుంచి వచ్చే విద్యుత్ అలల ఎత్తును సెకనుకు వేల సార్లు కొలిచి అంకెలుగా రాసుకోవాలి. రెండోది, ఆ అంకెలను మళ్ళీ అంతే వేగంగా, అదే వరసలో, కోను కదలికలుగా మార్చాలి. మొదటి పని ఇంకెక్కడో చేసి ఫైలు తెచ్చుకోవచ్చు. రెండోది ఈ మెషిన్ మీదే జరగాలి. రెండే స్థితులున్న స్పీకరు మీద మధ్య ఎత్తులు ఎలా రాబట్టాలి?

దానికి ప్రోగ్రామర్లు కనిపెట్టిన కిటుకు నాకు ఇప్పటికీ అబ్బురమే. ఇంట్లో సీలింగ్ ఫ్యాను స్విచ్చిని వేస్తూ తీస్తూ ఉంటే ఫ్యాను పూర్తి వేగమూ అందుకోదు, ఆగనూ ఆగదు, మధ్యలో ఎక్కడో తిరుగుతుంది. వేసి ఉంచిన సమయం ఎక్కువైతే వేగం ఎక్కువ, తీసి ఉంచిన సమయం ఎక్కువైతే తక్కువ. స్పీకరు కోనుకు కూడా బరువుంది, అదీ వెంటనే కదలదు. దాన్ని సెకనుకు పద్దెనిమిది వేల సార్లు వేసి తీస్తూ, ప్రతిసారీ వేసి ఉంచే కాలాన్ని కొద్దికొద్దిగా మారుస్తూ పోతే, కోను మధ్య ఎత్తుల్లో నిలబడుతుంది. ఐబీఎం మెషిన్‌లో సమయం కొలిచే చిప్పు సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకుంటుంది. దాన్ని 64 భాగాలుగా పంచితే 64 ఎత్తులు, సెకనుకు 18,643 కదలికలు దొరుకుతాయి. అమెరికాలో యాక్సెస్ సాఫ్ట్‌వేర్ అనే ఆటల కంపెనీ 1980ల చివర్లో ఈ పద్ధతికి రియల్‌సౌండ్ అని పేరు పెట్టి, అదనపు కార్డేదీ లేని మెషిన్ల చేత మాటలాడించింది.

మాటలాడినంత సేపూ మెషిన్ ఇంకే పనీ చేయలేదు. తొలి ఐబీఎం ప్రాసెసర్ వేగం 4.77 మెగాహెర్ట్జ్. సెకనుకు 11,025 కొలతలు వినిపించాలంటే ఒక్కో కొలతకు దానికి దొరికేది దాదాపు 433 గడియారపు దెబ్బలు. ఒక్కో ఆదేశానికే పదో పదిహేనో ఖర్చయ్యే రోజులవి. అంకె తీసుకోవాలి, టైమరుకు ఇవ్వాలి, సమయం చూసుకోవాలి, తర్వాతి అంకెకు వెళ్ళాలి. మధ్యలో కీబోర్డు పిలిచినా పలకకూడదు. పలికితే శబ్దంలో చిటపటలు. అందుకే పాట మొదలుపెడితే తెర కదలడం మానేసేది. విండోస్ 3.1కి మైక్రోసాఫ్ట్ విడిగా ఇచ్చిన స్పీకర్ డ్రైవర్‌లో కూడా ఇదే బాధ. మౌసు బాణం కదలకుండా నిలిచిపోయి, టడా అన్న పలుకు పూర్తయ్యాకే ప్రాణం వచ్చేది.

ఫ్లాపీలో రెండు నిమిషాల పాట

కష్టపడి పలికించారు సరే, ఆ అంకెలు దాచేదెక్కడ?

ఒక్కో కొలతను ఎనిమిది బిట్లలో, అంటే 256 ఎత్తుల్లో ఒకటిగా రాసుకుందాం. సెకనుకు 8,000 కొలతలు, ఇది టెలిఫోను స్థాయి. నిమిషానికి 4,80,000 బైట్లు. వంగే పెద్ద ఫ్లాపీల్లో మామూలు రకానికి పట్టేది 360 కిలోబైట్లు. ముప్పావు నిమిషంలో నిండిపోతుంది. గట్టి చిప్ప ఉన్న మూడున్నర అంగుళాల 1.44 ఎంబీ ఫ్లాపీ వచ్చాక, సెకనుకు 11,025 కొలతల చొప్పున 2 నిమిషాల 12 సెకన్లు పట్టేది. అదే ఫ్లాపీలో ఆడియో సీడీ నాణ్యతతో దాచబోతే ఎనిమిది సెకన్లకు మించదు. ఆలాపన ముగిసేలోపే ఫ్లాపీ అయిపోతుంది. 40 ఎంబీ హార్డ్ డిస్కు మొత్తం ఖాళీ చేసి నింపినా గంట పాట.

అందుకే వదులుకోవడం మొదలైంది. కొలతలు తగ్గించడం ఒక దారి. కానీ సెకనుకు ఎన్ని కొలతలు తీసుకుంటే అందులో సగం వరకే శబ్దపు పౌనఃపున్యాలు నిలుస్తాయి. 8,000 కొలతలంటే 4,000 హెర్ట్జ్ పైనున్నదంతా పోయినట్టే. మగ గొంతు అసలు శ్రుతి అంతకు చాలా కిందే ఉంటుంది కాబట్టి మాట అర్థమవుతుంది. అయితే స, శ అక్షరాల ఒరిపిడి ఎక్కువగా ఉండేది ఆ పైనే. ఫోనులో కొత్త పేరు చెబితే అవతలివాళ్ళు రెండుసార్లు అడిగేది అందుకే. ఇత్తడి తాళాల మెరుపు కూడా అక్కడే ఉంటుంది. కొలిచే ముందు పై పౌనఃపున్యాలను వడకట్టకపోతే ఇంకా ఘోరం: 5,000 హెర్ట్జ్ శబ్దం 3,000 హెర్ట్జ్ వేషంలో తిరిగొస్తుంది. తాళం మోత కాస్తా కథలో లేని వింత ఈలగా మారుతుంది.

ఎత్తులను తగ్గించడం ఇంకో దారి. 64 ఎత్తులే ఉంటే గట్టి శబ్దాలు బాగానే వినపడతాయి. మెల్లటివి గరగరలో మునిగిపోతాయి. కథకుడు బాలచంద్రుడి ప్రతిజ్ఞ చెబుతుంటే వినపడుతుంది, మాంచాల దగ్గరికి వచ్చి గొంతు తగ్గించగానే మాటకంటే రొదే ముందుంటుంది. ఒక్కో బిట్టూ పెరిగితే ఆ రొద ఆరు డెసిబెల్స్ చొప్పున వెనక్కి తగ్గుతుంది. ఎనిమిది బిట్లకు 48, పదహారుకు 96.

ప్రింటరు దారి, సింగపూర్ కార్డు

ఈ బాధలకు 1980ల రెండో సగంలో వచ్చిన ఒక విరుగుడు చాలా సరళమైనది. కోవాక్స్ స్పీచ్ థింగ్ దాని పేరు. ప్రింటరు తగిలించే పోర్టుకు దాన్ని గుచ్చాలి. ప్రింటరుకు అక్షరం పంపే తీగలు ఎనిమిది. ఒక్కో తీగ మీద కరెంటు ఉంటుంది, లేదా ఉండదు. రెసిస్టర్లను నిచ్చెన మెట్లలా కలిపి, మొదటి తీగకు సగం బలం, రెండోదానికి పావు, మూడోదానికి అరపావు వచ్చేట్టు చేస్తే, ఎనిమిది తీగలూ కలిసి 256 ఎత్తుల్లో ఏదైనా ఇస్తాయి. దాన్ని ఆంప్లిఫయరుకు కలిపితే పాట. ఎన్నో దేశాల్లో కుర్రవాళ్ళు చిల్లర డబ్బులతో రెసిస్టర్లు కొనుక్కుని తామే టంకం వేసుకున్నారు. రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే మన మెకానిక్కులకు అది పూటలో అయ్యే పని.

సింగపూర్‌లో సిమ్ వాంగ్ హూ స్థాపించిన క్రియేటివ్ సంస్థ 1989లో సౌండ్ బ్లాస్టర్ కార్డును తెచ్చింది. అసలు మార్పు అక్కడ జరిగింది. అంకెలు మెమరీలో ఎక్కడున్నాయో ప్రాసెసర్ ఒకసారి చెబితే చాలు, కార్డు వాటిని తనంతట తాను తీసుకుని వినిపిస్తుంది. ప్రాసెసర్ తన పని తాను చూసుకోవచ్చు. తెర కదులుతుంది, పాటా సాగుతుంది. 1991లో ఐబీఎం, మైక్రోసాఫ్ట్ కలిసి వేవ్ ఫైలు రూపం ఖరారు చేశాయి. ఫైలు మొదట్లో మామూలుగా 44 బైట్ల పరిచయం, సెకనుకు ఎన్ని కొలతలు, ఒక్కోదానికి ఎన్ని బిట్లు అన్న వివరాలు, ఆ తర్వాత కొలతలు వరసగా. దాచుకోవడానికి ఇంతకంటే నిజాయితీ ఉన్న రూపం ఇంకొకటి లేదని నా అభిప్రాయం. దేన్నీ మింగదు, దేన్నీ ఊహించదు. ముప్పై ఏళ్ళు దాటినా ప్రతి కంప్యూటరూ దాన్ని చదవగలుగుతోంది. 1992లో సౌండ్ బ్లాస్టర్ 16తో సీడీ నాణ్యత మామూలు మెషిన్లకూ అందింది.

పాటలు ఎక్కించే కాలం

పలనాడులో అంకెల పాట ఇంటింటికీ చేరింది మాత్రం ఎంపీ3తోనే. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థ శాస్త్రవేత్తలు ఆ పేరును 1995 జులైలో ఖాయం చేశారు. రెండేళ్ళకు విన్‌యాంప్ వచ్చింది. 486 మెషిన్లు దాన్ని విప్పి వినిపించలేక తడబడేవి, పెంటియం వస్తేనే సాఫీగా నడిచింది. సీడీ మీద నిమిషానికి పది ఎంబీలు తినే పాట ఒక ఎంబీకి కుదించుకుపోయింది. ఒకే సీడీలో నూట యాభై పాటలు. బస్టాండుల దగ్గర క్యాసెట్ల కొట్లు సీడీల కొట్లయ్యాయి, తర్వాత అవే మెమరీ చిప్పులో పాటలు ఎక్కించే కొట్లయ్యాయి. "అన్నా, పాత పాటలు ఎక్కించు, చిప్పు నిండా ఎక్కించు" అనడమే తప్ప ఏ నాణ్యతతో అని అడిగేవాళ్ళెవరు? సముద్రాల అవతలా ఇదే కథ. 1995లో రియల్‌ఆడియో వచ్చాక అమెరికా తెలుగువాళ్ళు తమ దగ్గరున్న క్యాసెట్లను సన్నటి టెలిఫోను లైన్లలో పట్టేలా పిండి పంచుకున్నారు. వాళ్ళ ప్రేమ వల్లే ఎన్నో లలిత గీతాలు మిగిలాయి, పిండిన రూపంలోనే మిగిలాయి.

ఎంపీ3ని తప్పుపట్టను. గట్టి శబ్దం పక్కనున్న మెల్లటి శబ్దం చెవికి వినపడదన్న నిజం మీద అది కట్టిన పద్ధతి, సినిమా పాట వినడానికి అది చాలు. కానీ పంబ దెబ్బ మీద దాని బలహీనత బయటపడుతుంది. నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేచే దెబ్బను తక్కువ బిట్ల ఎంపీ3 సరిగా పట్టలేదు. దెబ్బకు ముందే ఒక సన్నటి ఉస్సుమనే రొద వచ్చేస్తుంది. తాళాలు నీళ్ళలో మోగుతున్నట్టు వినిపిస్తాయి. పైగా ఒకసారి పిండిన దాన్ని విప్పి మళ్ళీ పిండితే నష్టం మీద నష్టం. షేక్ నాజర్ పల్నాటి యుద్ధం చెబితే ఊరు ఊరంతా తెల్లవార్లూ కూర్చునేది. అలాంటి బుర్రకథల క్యాసెట్లను ఒకరు కాపీ చేసి, ఇంకొకరు ఎంపీ3 చేసి, మరొకరు చిన్నది చేసి ఫోనులో పంపితే, చివరికి చేతికొచ్చే దాంట్లో గుమ్మెట ఏదో తంబుర ఏదో విడదీయలేం.

గాలెయ్య గొంతు

ఐబీఎం మెషిన్ పుట్టకముందే, 1970ల్లో, జీన్ రోఘైర్ అనే అమెరికన్ పరిశోధకుడు పలనాడు వచ్చాడు. వీర విద్యావంతుడైన అలిశెట్టి గాలెయ్య పాడిన వీరుల కథను టేపుల మీద పట్టుకున్నాడు. ఆ పాఠాన్ని ఇంగ్లీషులోకి తెచ్చి, వివరణతో రాసిన 'ది ఎపిక్ ఆఫ్ పల్నాడు' 1982లో ఆక్స్‌ఫర్డ్‌లోని క్లారెండన్ ప్రెస్ నుంచి పుస్తకమైంది. ప్రపంచంలో పలనాటి కథ గురించి రాసేవాళ్ళలో చాలామందికి ఇవాళ అది ఆధారం. అది ఏ తాళపత్రం నుంచీ రాలేదు, ఒక మనిషి గొంతులోంచి వచ్చింది. గాలెయ్య పేరు ప్రతి పలనాటి విద్యార్థికీ తెలియాలని కోరుకుంటాను.

టేపుకు ఒక పెద్ద సుగుణం ఉంది. అందులో శబ్దం అయస్కాంతపు గుర్తుగా ఉంటుంది, సెకనుకు ఇన్ని కొలతలన్న హద్దు దానికి లేదు. 1990లో దాన్ని ఎనిమిది బిట్లలోకి మార్చినా, మూల టేపు క్షేమంగా ఉంటే ఇవాళ ఇరవై నాలుగు బిట్లలోకి మళ్ళీ మార్చుకోవచ్చు. ఫోనులో తీసినదానికి ఆ అవకాశం లేదు. 2000ల్లో వచ్చిన మామూలు ఫోన్లలో చాలావాటి రికార్డరు సెకనుకు 8,000 కొలతలే తీసుకుని, దాన్నీ 12.2 కిలోబిట్లకు పిండేసేది. అలా తీసిన ఉత్సవాల పాట ఎప్పటికీ అంతే, పోయిన తాళాలు తిరిగి రావు. చోటు లేని 1981 మెషిన్ చేసిన కుదింపు ఒక అవసరం. వేల పాటలు పట్టే ఫోను చేతిలో ఉంచుకుని మనం అంతకంటే ఎక్కువ కుదించాం.

ఇప్పుడు చోటు కరువు లేదు. ప్రపంచవ్యాప్తంగా శబ్ద భాండాగారాలు పాటించే ఐఏఎస్ఏ మార్గదర్శకాల ప్రకారం పాత టేపులను కనీసం 48,000 కొలతలు, 24 బిట్లతో, వీలైతే 96,000 కొలతలతో వేవ్ రూపంలో దాచాలి. ఈ పై స్థాయిలో స్టీరియో గంటకు రెండు గిగాబైట్లు. 64 జీబీ చిప్పులో ముప్పై గంటల గాథ. ఐదు రోజుల ఉత్సవం పాట వేలెడంత చిప్పులో పడుతుంది.

గురజాల, మాచర్ల, దాచేపల్లి, పిడుగురాళ్ళ వైపు ఇళ్ళల్లో అటకల మీద పాత పాటల క్యాసెట్లు ఇంకా ఉన్నాయి. తాతలు తిరునాళ్ళలో, గుడి ముందు, పెళ్ళిళ్ళలో టేప్‌రికార్డరు పెట్టి తీసినవి. వాటిని అంకెల్లోకి మార్చేటప్పుడు మంచి డెక్కు మీదే పెట్టండి, హెడ్డును స్పిరిటుతో తుడిచి, ఒక్కో క్యాసెట్‌కూ హెడ్డు వంపును సరిచూసుకోండి. ఆ వంపు కొద్దిగా తేడా వచ్చినా తాళాల మెరుపు పోతుంది. స్పీకరు ముందు ఫోను పెట్టి రికార్డు చేయొద్దు, లైన్ అవుట్ నుంచి తీగ కలపండి. రొద తగ్గించే సాఫ్ట్‌వేర్‌ను మూల ఫైలు మీద ఎన్నడూ వాడొద్దు. వినడానికి కావాలంటే దానికో ఎంపీ3 ప్రతి వేరుగా చేసుకోవచ్చు.

కొత్తగా తీసేవాళ్ళు రికార్డింగ్ యాప్‌లో వేవ్, 48 కిలోహెర్ట్జ్ ఎంచుకోవాలి. శబ్దాల హెచ్చుతగ్గులను తానే సర్దే సదుపాయాన్ని, రొద తొలగించే సదుపాయాన్ని ఆపేయాలి. మొదటిది ఉంటే ప్రతి పంబ దెబ్బకూ గొంతు కిందికి పడిపోతుంది. రెండోది, ఆగకుండా ఒకే స్థాయిలో మోగేదాన్ని రొద అనుకుంటుంది కాబట్టి, తిత్తి శ్రుతి ఉంటే దాన్ని తినేస్తుంది. హారన్ స్పీకరుకు దూరంగా, పాడేవాళ్ళకు దగ్గరగా నిలబడాలి. మధ్యలో కాల్ రాకుండా ఫోనును ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టుకోవాలి. వాట్సాప్‌లో పంపేటప్పుడు వాయిస్ మెసేజ్‌గా కాకుండా డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే వెళ్తుంది. ఇంట్లో ఒక ప్రతి, ఇంకో ఊళ్ళో ఉన్న బంధువుల దగ్గర ఒకటి, కాలేజీ లైబ్రరీలోనో గ్రంథాలయంలోనో మూడోది ఉంచాలి. ఫైలు పేరులో పాడినవారి పేరు, ఊరు, తేదీ, ఏ ఘట్టం అన్నది తెలుగులోనే రాయండి. పంబ వాయించినవారి పేరు కూడా అడిగి రాయండి.